గోడ లేని బడి

రాళ్లవాగు,
28 జనవరి 2023

అన్నకు,

నువ్వు ఫోన్ ఎత్తడం లేదు. వదిన ఎత్తి, "పశువుల కాడికి పోయిండు, వచ్చినంక చేస్తడు" అంటుంది. నాలుగుసార్లు అదే మాట విన్నాక చేయడం మానేశాను. అంగన్‌వాడీలో పిల్లలు నిద్రపోయారు. పాత రిజిస్టరులోంచి రెండు కాగితాలు చింపి రాస్తున్నాను. నువ్వు మహబూబ్‌నగర్ హాస్టల్లో చదువుకునే రోజుల్లో ఇట్లాగే రాసేదాన్ని.

నా నిరోష పోయి ఈరోజుకు పద్దెనిమిది దినాలు. పదకొండో దినానికి నువ్వు రాలేదు. మేనమామ చేయాల్సినవి మా ఆయన వైపు వాళ్లెవరో చేశారు. వచ్చినవాళ్లంతా "సైదులు ఏడి?" అని అడిగారు. మక్తల్ దిక్కు పశువులకు గాలికుంటు వచ్చింది, సెలవు దొరకలేదు అని చెప్పాను. ఎందుకు అబద్ధమాడానో నాకే తెలియదు. మూడో రోజు పొద్దున నువ్వు ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయావు. అమ్మ నీ కోసం రొట్టెలు మూట కట్టి వాకిట్లో చాలాసేపు నిలబడింది.

నువ్వు మట్టి వేళకు వచ్చావు. ఆ పొద్దున ఏం జరిగిందో నీకెవరూ కుదురుగా చెప్పలేదు. ఎవరికో ఒకరికి మొదటి నుంచి చివరిదాకా నేను చెప్పుకోవాలి.

పదో తరగతి వాళ్లకు ఏడింటికే స్పెషల్ క్లాసు. ఆ రోజు మంచు దట్టంగా ఉంది. సారు రాకముందు నిరోష, దాని దోస్తు మమత కలిసి బడి వెనక్కి పోయారు. బడిలో ఆడపిల్లలకు మరుగుదొడ్డి కట్టారు గానీ నీళ్లు లేవు, ఎప్పుడూ తాళమే. అందరూ వెనక కంది చేనులోకే పోతారు. వెనక గోడ లేదు కదా, బడి జాగా ఎక్కడ అయిపోతుందో చేను ఎక్కడ మొదలవుతుందో కొత్తవాళ్లకు తెలియదు. కంది పక్కనే దుర్గయ్య పల్లి చేను. అడవి పందులు పడి తవ్వేస్తున్నాయని వారం నుంచి కాపలా ఉన్నాడు. కంది మొక్కలు కదిలాయి. పంది అనుకుని నాటు తుపాకి పేల్చాడు.

మమత ఒక్కతే తరగతిలోకి వచ్చి నిలబడిందట. వెనక చేను దిక్కు చెయ్యి చూపిందట. దేవరకొండ దవాఖానకు మీ బావ ఆటోలోనే తీసుకుపోయాడు. దాని తల నా ఒడిలోనే ఉంది. దారిలోనే అయిపోయింది. దుర్గయ్య తుపాకి చేనులో పడేసి పారిపోయి, సాయంత్రానికి తనంతట తనే పోలీస్ స్టేషనుకు పోయి కూర్చున్నాడు.

మీ బావ ఆ రోజు నుంచి ఆటో తీయలేదు. దాని మీద ఒక చెద్దరు కప్పి ఉంచాడు.

ఫోన్ ఎత్తకున్నా ఉత్తరమైనా రాయి.

నీ చెల్లె,
మల్లిక


మక్తల్,
9 ఫిబ్రవరి 2023

చెల్లె మల్లికకు,

నీ ఉత్తరం అందింది. పశువుల దవాఖాన వెనక రేకుల షెడ్డులో కూర్చుని చదివాను. నీ గొంతు వినే ధైర్యం లేక ఫోన్ ఎత్తలేదు. అంతకు మించి కారణం లేదు. పదకొండో దినానికి రానందుకు నన్ను ఎన్ని తిట్టినా పడతాను.

పోయిన ఎండాకాలం సెలవుల్లో నిరోష ఇక్కడ ఇరవై రోజులు ఉంది కదా. రోజూ నా బండి వెనక ఎక్కి ఊర్లన్నీ తిరిగింది. ఒక ఊళ్లో బర్రె ఈనలేక కష్టపడుతుంటే, నేను మోచేతి దాకా చెయ్యి లోపల పెట్టి దూడ కాళ్లు సరిచేస్తున్నాను. ఇది బర్రె తల దగ్గర కూర్చుని, "జర ఓపిక పట్టు, అయిపాయె, అయిపాయె" అని మనిషికి చెప్పినట్టు చెబుతూనే ఉంది. దూడ బయటపడ్డాక, "మామా, నేను పశువుల డాక్టరు చదువుత. నువ్వు నాకింద పనిచేద్దువు గానీ" అంది. ఆ ఇంటివాళ్లు మొన్న అడిగారు, మీ కోడలు ఎట్లుంది అని. బాగుంది అన్నాను. నేనూ అబద్ధమాడాను.

కేసు ఎక్కడిదాకా వచ్చింది? దుర్గయ్య ఏం చెప్పాడు? తుపాకి ఎక్కడిదని పోలీసులు అడిగారా? నీకు తెలిసినది రాయి. అమ్మ ఏమైనా అంటోందా?

బావకు చెప్పు, ఇంట్లో కూర్చుంటే మనిషి ఇంకా కుంగిపోతాడు. మెల్లగా పనిలో పడమను.

నీ అన్న,
సైదులు


రాళ్లవాగు,
20 ఫిబ్రవరి 2023

అన్నకు,

నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. బర్రె సంగతి దగ్గర ఆపమంది. మళ్లీ చదవమంది. అట్లా మూడుసార్లు చదివించుకుంది.

మా దగ్గర ఒక పని మొదలైంది. బడిలో మధ్యాహ్న భోజనం వండే లక్ష్మీనర్సమ్మ నీకు గుర్తుండే ఉంటుంది. పదిహేనేళ్లుగా ఆ పొయ్యి దగ్గరే ఉంది. పోయిన ఆదివారం మా ఇంటికి వచ్చి గడపలోనే కూర్చుంది.

"మల్లికా, ఒక మాట అడుగుత. నిన్న ఆరో తరగతి పిల్ల నా కాడికి వచ్చి, 'అవ్వా, వెనకకు పోవాలె, జర తోడు రా' అన్నది. పోయిన. నేను కర్ర పట్టుకొని నిలబడ్డ. ఎన్ని దినాలు నిలబడుదు? వంద మంది ఆడపిల్లలున్నరు."

చెంబుతో నీళ్లు తెచ్చిచ్చాను, తాగి మళ్లీ మొదలుపెట్టింది.

"దేవరకొండకు నడిచిపోదాం. ఆర్డీవో సారు సోమవారం అర్జీలు తీసుకుంటడు. బస్సుల పోతే ఎవరికి కనపడం. నడిస్తే దారిపొడుగు ఊర్లన్ని చూస్తయి. నువ్వు రాకుంటే నేను పిలిచినా ఎవరు రారు. నువ్వొస్తే మంది వస్తరు. నీ బిడ్డను అడ్డం పెట్టుకుంటున్నమని అనుకోకు."

అడగాల్సినవి మూడు రాసుకున్నాం. బడి చుట్టూ గోడ. మరుగుదొడ్లకు నీళ్లు. చుట్టుపక్కల ఊళ్లలో ఎవరి దగ్గర నాటు తుపాకులున్నా పోలీసులు తీసుకుపోవాలి. మార్చి పదమూడున పోతున్నాం. పద్నాలుగు కిలోమీటర్లు.

తుపాకి ఎక్కడిదని అడిగావు. ఏదో జాతరలో ముఖం తెలియని మనిషి దగ్గర కొన్నానని దుర్గయ్య చెప్పాడట. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ చెప్పలేదట. ఆ తుపాకి ఫోటో అందరి ఫోన్లలో తిరిగింది. నేను చూడలేదు. చూడను.

ఆ మాట విన్నప్పుడు నాకు బాపు తుపాకి గుర్తొచ్చింది. బాపు పోయిన నెలకే దాన్ని డిండి డ్యాము నీళ్లల్లో పడేసి వచ్చానని నువ్వు చెబితే, బాపు గుర్తుగా ఉంచుకోవాల్సింది కదా అని నీ మీద కోపం చేశాను. ఇప్పుడు చెబుతున్నాను, నువ్వు చేసిందే మంచి పని. నీలాగా ప్రతి ఇంట్లో ఒకరు చేసి ఉంటే నా బిడ్డ ఈరోజు పరీక్షలకు చదువుకుంటూ ఉండేది.

నువ్వు రావాలి. ముందు నడిచేవాళ్లు నిరోష ఫోటో పట్టుకోవాలి. అది మేనమామ చేతుల్లోనే ఉండాలని అమ్మ అంటోంది.

నీ చెల్లె,
మల్లిక


మక్తల్,
1 మార్చి 2023

మల్లికకు,

ఉత్తరం చేరింది. నేను రాలేను. ఇక్కడ టీకాలు వేసే పని మొదలైంది, ఇద్దరు చేసే పని ఒక్కడినే చేస్తున్నాను. ఫోటో బావ పట్టుకుంటే చాలు.

ఒక మాట చెబుతాను, కోపం తెచ్చుకోకు. గోడ అడగండి, నీళ్లు అడగండి. తుపాకుల సంగతి ఎత్తకండి. పందుల బాధ పడే రైతులు మీకు అడ్డం తిరుగుతారు. పది ఊళ్లతో పగ ఎందుకు? పోలీసులు ఇల్లిల్లూ వెతికితే ఎవరెవరో ఇరుక్కుంటారు. పోయిన పిల్ల తిరిగి రాదు.

దుర్గయ్య కావాలని చేసినవాడు కాదు. బాపుకు చివరి రోజుల్లో ఊపిరాడకపోతే, నడి వానలో తన బండి మీద కూర్చోబెట్టుకుని దవాఖానకు చేర్చింది అతనే. అది మరవకు.

సైదులు


రాళ్లవాగు,
14 మార్చి 2023

అన్నకు,

నీ ఉత్తరం చదివి చింపేశాను. పోయిన పిల్ల తిరిగి రాదని నాకు నువ్వు చెప్పాలా? దాని మంచం మీద దాని పుస్తకాలు అట్లాగే ఉన్నాయి. ఆ సంగతి రోజూ పొద్దున నాకు అవే చెబుతున్నాయి.

అయినా రాస్తున్నాను. నిన్న ఏం జరిగిందో నీకు తప్ప ఎవరికి రాయను?

పొద్దున ఆరింటికి బడి ముందు నుంచి బయలుదేరాం. మొదట నలభై మందే. ఫోటో మీ బావ పట్టుకున్నాడు. అమ్మ కూడా వస్తానని మొండికేసింది. రెండు కిలోమీటర్లు నడిచాక కాళ్లు రాక ఒక అరుగు మీద కూర్చుంది. మేం తిరిగి వచ్చేదాకా అక్కడే కూర్చుని ఉంది. ఒక్కో ఊరు దాటుతుంటే మనుషులు కలిశారు. మమత, దాని పదో తరగతి పిల్లలందరూ బడి బట్టలతోనే వచ్చారు. దేవరకొండ చేరేసరికి రెండు వందలు దాటాం.

దారిలో ఒక ఊరి దగ్గర కొందరు రైతులు అడ్డం నిలబడ్డారు. నువ్వు చెప్పినట్టే అయింది. లింగస్వామి అనే పెద్దమనిషి ముందుకు వచ్చాడు.

"గోడ అడుగుండ్రి, మేం సుత వస్తం. తుపాకులు గుంజుకపొమ్మని ఎందుకు అడుగుతున్నరు? పందులు పంటంత తవ్విపోతుంటే చేతులు కట్టుకొని చూడాల్నా?"

లక్ష్మీనర్సమ్మ అతని ముందుకు పోయి నిలబడింది. "నీ పంట పోతే వచ్చే యాడాది మళ్ల వేస్తవు బిడ్డా. గీమె ఏం వెయ్యాలె?"

అతను నా ముఖం చూశాడు, తర్వాత ఫోటో చూశాడు. తువ్వాల తీసి ముఖం తుడుచుకుని పక్కకు జరిగాడు. "పందుల సంగతి సుత సర్కారు చూడాలని మీ అర్జీల రాయుండ్రి" అన్నాడు. నాకు అది న్యాయమే అనిపించింది. అక్కడికక్కడే నాలుగోది రాయించాను.

ఇంకా కొంత దూరం పోయాక వెనక ఆడవాళ్లలో గుసగుసలు మొదలయ్యాయి. తిరిగి చూస్తే, అందరికీ చివర, కాస్త ఎడంగా, దుర్గయ్య భార్య ఉప్పలమ్మ నడుస్తోంది. చెప్పులు లేవు. ఎవరూ ఆమె పక్కన నడవడం లేదు. నాకు మొదట ఒళ్లు మండింది. ఏ ముఖం పెట్టుకుని వచ్చిందని. ఆగి నిలబడ్డాను. ఆమె నా దాకా వచ్చి తల వంచుకుని ఆగింది.

"పొమ్మంటే పోత మల్లికా."

పొమ్మనలేదు. చేతిలో ఉన్న నీళ్ల సీసా ఇచ్చాను. ఎందుకిచ్చానో తెలియదు. ఆమె తాగలేదు, పట్టుకుని ఏడ్చింది.

"గా తుపాకి యాడికెల్లి వచ్చిందో నాకు సుత చెప్పలే. జైలుకు పోయి మొక్కి అడిగిన. 'ఆ ఇంట్ల ఒకర్ని తీసిన. ఇంకొకర్ని తియ్య' అన్నడు. గంతే."

ఈ మాటకు అర్థం ఏమిటో నాకు తెలియలేదు. నీకేమైనా తెలుస్తుందా అన్నా?

ఆఫీసు దగ్గర ఆర్డీవో బయటికి వచ్చి అర్జీ తీసుకున్నాడు. చదివి, "మీ బడిలో మరుగుదొడ్లు వాడుకలో ఉన్నాయని రెండేళ్ల కిందటే కాగితం వచ్చింది కదమ్మా" అన్నాడు. అందరూ అదెట్లా అని అరిచారు. నేను చెయ్యెత్తాను. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పనిది, నీకు కూడా రాయనిది, అక్కడ అందరి ముందు చెప్పాను.

ఆ కాగితం మీద సంతకం నాదే. అప్పుడు బడి కమిటీకి నేనే చైర్‌పర్సన్‌ని. కట్టినాయన వచ్చి, "బోరు నెలలో వేస్తం, జర సంతకం పెట్టక్కా, పని ఆగిపోతది" అన్నాడు. పెట్టాను. బోరు పడలేదు. రెండుసార్లు అడిగాను, తర్వాత మరిచిపోయాను. నా బిడ్డ రోజూ ఆ చేనులోకి పోతోందని నాకు తెలుసు. తెలిసీ మరిచిపోయాను. "దుర్గయ్య పేల్చిండు సారు. గానీ నా బిడ్డను గా చేన్లకు తోలింది నా సంతకం" అన్నాను.

ఆర్డీవో ఆ మాటను నా ముందే అర్జీ మీద రాసుకున్నాడు. మీ బావకు కూడా అప్పుడే తెలిసింది. తిరిగి వచ్చేటప్పుడు దారంతా నాతో మాట్లాడలేదు. ఇంటికి వచ్చాక ఆటో మీది చెద్దరు తీసి మడత పెట్టి, తిరుగు దారిలో పక్క ఊరిదాకా వచ్చి కాళ్లు వాచి ఆగిపోయిన ముసలివాళ్లను ఇళ్లకు దింపడానికి పోయాడు. వచ్చి, "అన్నం తిన్నవా?" అని అడిగాడు. ఇప్పటికి అంతే.

నేను దాచుకున్నది ఇది. చెప్పాక బరువేమీ తగ్గలేదు. కానీ దాన్ని ఇక రోజూ దాచే పని లేదు.

మల్లిక


మక్తల్,
25 మార్చి 2023

మల్లికా,

ఉప్పలమ్మ మాటకు అర్థం నాకు తెలుసు. నీకూ తెలిసిపోయిందనీ, నా నోటి నుంచే వినాలని అడిగావనీ అనుకుంటున్నాను.

నేను బాపు తుపాకిని డిండిలో పడేయలేదు. పడేద్దామనే గోనెసంచిలో చుట్టుకుని బయలుదేరాను. చెరువు కట్ట దగ్గర దుర్గయ్య ఎదురుపడ్డాడు. ఆ యేడాది పందులు అతని చేను మొత్తం తవ్విపోయాయి. "పడేసేది నాకియ్యరాదె సైదులూ, పేల్చి బెదిరిస్త గంతే" అన్నాడు. బాపును బండి మీద దవాఖానకు తీసుకుపోయిన మనిషి. కాదనలేకపోయాను. ఇచ్చేశాను. ఇంటికి వచ్చి నీకు నీళ్లల్లో పడేశానని చెప్పాను. అంత చిన్న అబద్ధం. రెండేళ్లు దాని గురించి ఆలోచించను కూడా లేదు.

నిరోషను మట్టిలో పెట్టిన మూడో రోజు పొద్దున, వాకిట్లో ఎవరో ఫోన్‌లో తుపాకి ఫోటో చూపించారు. దాని కర్ర మడమ దగ్గర పగిలితే బాపు రాగి తీగ చుట్టాడు, ఏడు చుట్లు. నేనే పట్టుకున్నాను అప్పుడు తీగ కొస. ఆ చుట్లు చూశాక నేను ఆ ఇంట్లో నిలబడలేకపోయాను. అమ్మ రొట్టెలు కాలుస్తోంది. ఆ వాసన వస్తుండగా వెనక దారిన పోయి బస్సెక్కాను.

నా చేతులకు మొక్కుతున్నానని నువ్వు రాయకున్నా, మంచి పని చేశావని రాశావు. ఆ కాగితం జేబులో పెట్టుకుని తిరిగాను. తుపాకుల మాట ఎత్తొద్దని నీకు రాసింది రైతుల కోసం కాదు. నా కోసం.

ఉద్యోగం ఉందనీ, ఇద్దరు పిల్లలున్నారనీ, చెబితే అమ్మ చచ్చిపోతుందనీ రోజుకొక సాకు చెప్పుకున్నాను. దుర్గయ్య లోపల కూర్చుని నన్ను కాపాడుతున్నాడని తెలిసి కూడా చెప్పుకున్నాను. నువ్వు రెండు వందల మందిలో చెయ్యెత్తావని చదివాక ఇక సాకు దొరకలేదు.

మీ వదినకు నిన్న చెప్పాను. ఆమె పిల్లల్ని దగ్గరికి తీసుకుని గోడ వైపు తిరిగింది. రేపు దేవరకొండ పోతాను. ఈ ఉత్తరం నీకు అందేసరికి స్టేషనులో ఉంటాను. ముందుగా ఇంటికి వచ్చి నీకు చెప్పి పోదామనుకున్నాను. నీ వాకిట్లో అడుగు పెట్టే కాళ్లు లేవు.

క్షమించమని అడగను.

సైదులు


రాళ్లవాగు,
30 జూన్ 2023

సైదులన్నకు,

మూడు నెలలు ఏమీ రాయలేదు. అమ్మ మూడుసార్లు నల్లగొండ జైలుకు వచ్చి నిన్ను చూసింది. ప్రతిసారీ నన్ను రమ్మంది. ఒకసారి బస్టాండు దాకా వచ్చాను. బస్సు కదిలే ముందు దిగిపోయాను.

నీ ఉత్తరం నేను అంగన్‌వాడీలోనే చదివాను. చదివాక నాకు గుర్తున్నది, ఒక పిల్ల నా చీర కొంగు లాగి "టీచర్, ఆకలైతుంది" అనడం. లేచి పాలు కలిపి ఇచ్చాను. గుడ్లు ఉడకబెట్టాను. మీ బావకు చెప్పడానికి నాలుగు రోజులు పట్టింది. ఆయన లేచి గొడ్డలి తీసుకుని బయటికి పోయాడు. భయపడి వెంట పోయాను. ఎండిపోయిన తుమ్మ మొద్దు ఒకటి ఉంటే, దాన్ని చీకటి పడేదాకా నరికాడు. నీ పేరు ఇంట్లో ఎత్తడు. అమ్మ నీ దగ్గరికి పోయే రోజు మాత్రం తనే ఆటోలో బస్టాండులో దింపి వస్తాడు.

నువ్వు స్టేషనుకు పోయావని తెలిశాక ఒక వారంలో తొమ్మిది తుపాకులు పంచాయతీ ఆఫీసు ముందుకు వచ్చాయి. కొందరు పగలే తెచ్చి ఇచ్చారు. కొన్ని తెల్లారేసరికి అరుగు మీద ఉన్నాయి. లింగస్వామి తనది తనే మోసుకొచ్చాడు. లక్ష్మీనర్సమ్మ ఒక్కొక్కటీ చూసి, "గిన్నిటి నడుమనా పిల్లల్ని బడికి తోలినం" అంది. పోలీసులు బండిలో వేసుకుపోయారు.

బోరు పడింది. మరుగుదొడ్లకు నీళ్లు వచ్చాయి. గోడ పునాది పూర్తయి నడుము ఎత్తు లేచింది. ఈసారి మేస్త్రీలు దిగిన రోజు నుంచి రోజూ పోయి చూస్తున్నాను. పూర్తయ్యేదాకా ఏ కాగితం మీదా సంతకం పెట్టనని చెప్పాను.

పరీక్షల ముందు బడికి హాల్‌టికెట్లు వచ్చాయి. అందులో నిరోషది కూడా ఉంది. దాన్ని ఆపించడం అందరూ మరిచిపోయారు. హెడ్మాస్టరు ఇంటికి తెచ్చి నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. ఫోటోలో రెండు జడలు, కొత్త రిబ్బన్లు. ఆ రోజు ఫోటో దిగడానికి ముందు జడ గట్టిగా వేశానని నాతో పోట్లాడింది. మమత పాసైంది. మిఠాయి తెచ్చి ఇవ్వాలో వద్దో తెలియక మా వాకిట్లో తిరుగుతుంటే నేనే లోపలికి పిలిచాను.

బెయిల్ కాగితాల మీద సంతకం పెట్టనంటున్నావని అమ్మ చెప్పింది. పెట్టు. నీ పిల్లలు తండ్రి లేకుండా ఉంటే నాకు వచ్చేది ఏమీ లేదు. వదిన ఒక్కతే అక్కడ నలుగురి నోళ్లలో పడుతోంది.

దుర్గయ్యను నీ పక్క గదిలోనే ఉంచారని, మీరిద్దరూ మాట్లాడుకోరని కూడా చెప్పింది. ఉప్పలమ్మ ఇప్పుడు బడి పొయ్యి దగ్గర లక్ష్మీనర్సమ్మకు సాయం చేస్తోంది. మొదట పిల్లలు ఆమె చేతి అన్నం తినలేదు. ఇప్పుడు తింటున్నారు. అతనికి చెప్పు.

నా సంగతి నువ్వు అడగవు, తెలుసు. నిన్ను తలుచుకుంటే రెండు జతల చేతులు కనిపిస్తాయి. గోనెసంచి అందిస్తున్న చేతులు, బర్రె కష్టం తీరుస్తున్న చేతులు. రెండూ నీవే. నేను ఏ చేతులను పట్టుకోవాలో ఇంకా తెలియడం లేదు.

నువ్వు బయటికి వచ్చిన రోజు ఇంటికి రా అని రాయాలని ఈ పొద్దున నుంచి కూర్చున్నాను. చెయ్యి రావడం లేదు. రావద్దని రాయడానికి కూడా రావడం లేదు.

వాన మొదలైంది. మేస్త్రీలు సిమెంటు మీద పట్టా కప్పమని కేక వేస్తున్నారు. పోతున్నాను.

మల్లిక